పిడికెడు పేలాలు

మనుష్యులకు వలెనే మాటలకును మంచి దినములు, చెడ్డ దినములు ఉండును. 'చిరుతిండి' అను మాటకు నేడు చెడ్డ దినములు నడచుచున్నవి. చిరు అనగా కొంచెము. రెండు భోజనముల నడుమ ఆకలిని ఊరడించుటకు పిడికెడో చారెడో తినునది చిరుతిండి. మితము ఆ మాటలోనే ఇమిడి యున్నది. అయినను నేడు ఆ మాట చెవిని పడగానే తల్లులు నొసలు చిట్లింతురు. ఉపాధ్యాయులు పిల్లలను మందలింతురు. తప్పు మాటది కాదు. ఆ మాట మాటున ఇంటిలోనికి వచ్చి కూర్చున్న రంగుకాగితపు పొట్లములది.

'ఫలహారము'నకు పట్టిన గతియు ఇట్టిదే. ఫలములను ఆహారముగా గైకొనుట అని దాని అర్థము. నేడు ఏకాదశినాడు ఫలహారము చేసితిమని చెప్పువారి పళ్ళెములో పండు కానరాదు, బొంబాయిరవ్వ ఉప్మా కానవచ్చును. బొంబాయిరవ్వ గోధుమల నుండి వచ్చినది. పండు పోయి గోధుమ వచ్చిన ఈ మార్పును చాలమంది గమనింపలేదు. గమనింపవలసిన అవసరమును వారికి కలుగలేదు. కాని గోధుమ కంటబడినచో పారిపోవలసిన పిల్లలు కొందరున్నారు. వారికి ఈ మార్పు నవ్వులాట కాదు.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలములో గోలేటి అను ఊరు కలదు. సింగరేణి బొగ్గుగనుల సంస్థకు చెందిన బెల్లంపల్లి ఏరియా కార్యాలయము ఈ ఊరనే ఉన్నది. ఇట్టి గనుల ఊళ్ళలో కాలమును సూర్యుడు నిర్ణయింపడు, షిఫ్టు నిర్ణయించును. తండ్రి ఇంటికి ఏ వేళ వచ్చునో, తల్లి పొయ్యి ఏ వేళ ముట్టింపవలెనో ఆ సైరనుకే ఎరుక. అందువలన ఈ ఇండ్లలో నిలువ ఉండు తిండికిని, చేతిలో పట్టుకొని పోగల తిండికిని విలువ ఎక్కువ. పూర్వము ఆ అవసరమును సద్దిమూట తీర్చినది. తెలంగాణములో సద్ది అన్నను, కావ్యభాషలో చల్ది అన్నను ఒక్కటే. పోతన భాగవతమున గోపబాలురు బాలకృష్ణుని చుట్టును కూర్చుండి చల్దులారగించు ఘట్టము ఎరుగని తెలుగు విద్యార్థి ఉండడు. ఒకరి మూటలోనిది మరియొకరు రుచి చూచుట, పంచుకొనుట, పరిహసించుట, ఇదియే ఆ ఘట్టమునకు ప్రాణము. నేటి బడిపిల్లలు మధ్యాహ్నపు గంట మ్రోగగానే వేపచెట్టు క్రింద చేయునదియు అదియే. మూట మాత్రము మారినది. సద్ది పోయి బిస్కెట్టు వచ్చినది.

ఆ చెట్టు క్రింద ఒక బాలుని ఊహింపవచ్చును. వయస్సు పది, ఎత్తు చూచిన ఏడేండ్లవాడని తోచును. పొట్ట ముందుకు ఉబ్బి, కాళ్ళుచేతులు సన్నగిలి, ముఖము పాలిపోయి ఉండును. మాటిమాటికి కడుపునొప్పి యనును; వారమునకు రెండు దినములు బడికి రాడు. రక్తము తక్కువగా ఉన్నదని మందులిత్తురు. నులిపురుగులని మరల మందులిత్తురు. తోటివారు జాలిపడి తమ బిస్కెట్లు పెట్టుదురు. ఉపాధ్యాయుడు ప్రేమతో ఒక బన్ను కొని ఇచ్చును. వారి దయయే అతనికి విషమగుచున్నదని వారెవ్వరును ఎరుగరు. అట్టి లక్షణములున్న ప్రతి బిడ్డకును ఈ వ్యాధియే అని చెప్పరాదు; కాని ఈ వ్యాధి కావచ్చునను అనుమానము ఒకరికైనను కలుగకపోవుట విచారకరము.

ఆ వ్యాధిని సీలియాక్ అందురు. గోధుమ, బార్లీ, రై అను మూడు ధాన్యములలో గ్లూటెన్ అను జిగురుగల మాంసకృత్తు కలదు. అది ఎట్టిదో చూడగోరు విద్యార్థి గోధుమపిండి ముద్దను ఒక గిన్నెడు నీటిలో మెల్లగా పిసికి కడిగినచో చాలును. పిండి పదార్థము తెల్లని నీరై పోవును. చేతిలో రబ్బరు వలె సాగు ముద్ద మిగులును. ఇటలీ దేశములోని బొలోన్యా నగర పండితుడు బెక్కారి దీనిని వేరుచేసిన విధమును వివరించిన వ్యాసము 1745లో ప్రకటితమైనది. రొట్టె పొంగుటకు, పరోటా పొరలు పొరలుగా సాగుటకు ఆ జిగురే కారణము. ఎక్కువమంది దేహములు దానిని ఏ ఇబ్బందియు లేక భరించును. సీలియాక్ వ్యాధిగలవారి దేహము మాత్రము దానిపై యుద్ధము ప్రకటించి, ఆ యుద్ధములో తన చిన్నప్రేగునే గాయపరచుకొనును. ఆహారసారమును పీల్చుకొనవలసిన సన్నని మొలకల వంటి భాగములు అణగిపోవును. అప్పుడు బిడ్డ ఎంత తినినను ఒంటబట్టదు. ఇనుము అందక రక్తహీనత, సున్నము అందక ఎముకల బలహీనత, మొత్తముమీద ఎదుగుదల లోపము ఏర్పడును.

ఈ రహస్యము బయటపడిన కథ ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పదగినది. లండనులో శామ్యూల్ గీ అను వైద్యుడు 1888లో ఈ వ్యాధిని వర్ణించి, దీనికి చికిత్స ఉన్నచో అది ఆహారములోనే ఉండవలెనని ఊహించెను. ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యముతో పిల్లలకు గుణము చూపెను. మహిమ అరటిపండుదని ఆయన తలచెను. నిజమునకు అది రొట్టె మానివేయుట వలన కలిగిన మేలు. హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికే గోధుమపై అంతకు ముందే అనుమానపడెను. 1944-45 చలికాలమున యుద్ధము వలన ఆ దేశములో ఘోరమైన కరవు వచ్చి రొట్టె దొరకకుండ పోయెను. దేశమెల్ల కృశించుచుండగా ఈ రోగపు పిల్లలు కోలుకొనుట, రొట్టె మరల రాగానే వారు మరల జబ్బుపడుట ఆయన అనుమానమును బలపరచెను. 1950లో తన సిద్ధాంతవ్యాసములో గోధుమయే దోషియని ఆయన నిరూపించెను. అప్పటి నుండి నేటివరకు ఈ వ్యాధికి గుణమిచ్చు చికిత్స ఒక్కటియే: జీవితాంతము గ్లూటెన్‌ను మానుట.

ఇది ఉత్తరదేశపు వ్యాధి, మనకేల అనువారుందురు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. 2016లో ప్రకటితమైన ఒక పరిశోధనలో మనదేశములోని మూడు ప్రాంతములలో 23,331 మంది పెద్దలను పరీక్షించిరి. ఉత్తరమున నూటికి 1.23 మందికి, ఈశాన్యమున 0.87 మందికి, దక్షిణమున 0.10 మందికి రక్తములో ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు కనబడినవి. అనగా దక్షిణమున వేయిమందిలో ఒకరు. కాని అదే పరిశోధనలో మరియొక సంగతి కలదు. ఈ వ్యాధికి చోటిచ్చు జన్యువులు ఉత్తరమున నూటికి 38 మందిలో ఉండగా, దక్షిణమున 36 మందిలో ఉన్నవి. విత్తనము ఇంచుమించు సమానము. భేదమెల్ల గోధుమలోనే ఉన్నది. ఉత్తరమున ఒక మనిషి దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినగా, దక్షిణమున 25 గ్రాములు మాత్రమే తినుచుండెను. ఆ జన్యువులున్న వారికెల్ల వ్యాధి రాదు; గోధుమ పెరిగినంతనే వ్యాధి పెరుగునని ఈ అంకెలు నిరూపింపవు. కాని ఉదయము పూరీ, బడిలో బిస్కెట్టు, సాయంకాలము నూడుల్సు, రాత్రి చపాతి అను క్రమము తెలుగు ఇండ్లలో స్థిరపడుచున్నపుడు ఈ అంకెలను చూచి ఒకసారి ఆలోచించుట వివేకము. వేయికి ఒకరు అనినను, పెద్ద ఉన్నతపాఠశాలలో అట్టి బిడ్డ ఒకడు ఉండవచ్చును. ఆ ఒక్కని గురించి తెలిసికొనుట ఆ బడి బాధ్యత. పైగా ఈ బొగ్గుపట్టణములలో ఉత్తరదేశము నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములును కలవు. వారి పిల్లలును ఆ చెట్టు క్రిందనే కూర్చుందురు.

ఇట్టి పిల్లల తల్లిదండ్రులకు వైద్యుడు పథ్యము చెప్పగానే మొదట కలుగునది భయము. పట్నములో గ్లూటెన్ లేని బిస్కెట్లు అమ్ముదురట, వాని వెల మామూలు బిస్కెట్ల కంటె చాల ఎక్కువట అని వారు విందురు. షిఫ్టు జీతముతో, అందునా కాంట్రాక్టు కూలితో, ఆ పొట్లములను బిడ్డ జీవితమంతయు కొనుట ఎట్లు? ఈ భయము సహజమే గాని అనవసరము. గోలేటి పరిసరముల వంటిల్లు తనకు తెలియకయే ఈ పథ్యమును వందల ఏండ్లుగా పాటించినది.

ఈ నేల జొన్నల నేల. గోండులు, కొలాములు, ఇతర రైతులు తరతరములుగా జొన్నగట్కయు, జొన్నరొట్టెయు తినిరి. జొన్నలో గోధుమలోని జిగురు లేదు. అందుచేతనే జొన్నపిండిని వేడినీటితో కలుపవలెను. కర్రతో ఒత్తిన విరుగును గనుక చేతితో తట్టవలెను. రొట్టె తట్టుట రాని కోడలిని వేళాకోళము చేసిన అత్తలకు తాము గ్లూటెన్ లేమిని గూర్చి మాటలాడుచున్నామని తెలియదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప జొన్న వెనుకకు తగ్గి అన్నము ముందుకు వచ్చినది. జొన్నచేలు పత్తిచేలైనవి. అయినను బియ్యములోను గ్లూటెన్ లేదు గనుక ఆ మార్పు ఈ పిల్లలకు హాని చేయలేదు. మూడవ మార్పు, అనగా అన్నము నుండి మైదాకు మరలుట, చిరుతిండి ద్వారముననే వచ్చినది. కావున దానికి మందును చిరుతిండిలోనే వెదకవలెను.

వెదకినచో ఎన్ని దొరకును! సంక్రాంతికి ప్రతి ఇంటను తెల్లని బట్టపై చుట్టలు చుట్టలుగా అల్లు సకినాలు బియ్యపుపిండి, నువ్వులు, వాము తప్ప వేరు ఎరుగవు. డబ్బాలో పెట్టినచో వారముల తరబడి నిలుచును. రెండు సకినాలు కాగితములో చుట్టి ఇచ్చిన ఒక బిడ్డ సాయంకాలపు ఆకలి తీరును. పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెలో కాల్చు సర్వపిండి అట్టిదే. ఒక ముక్క విరిచి ఇచ్చిన చాలును. వానకాలమున పచ్చి మక్కలను రుబ్బి చేయు గారెలు, నిప్పులపై కాల్చిన మక్కకంకి, వేడి ఇసుకలో వేయించిన జొన్నపేలాలు, అన్నియు ఈ పిల్లలవే. ఉడికించి పోపుపెట్టిన శనగ గుడాలు, బొబ్బెర గుడాలు పిడికెడు తినిన కొంత మాంసకృత్తు అందును. పుట్నాలు, ముర్మురాలు, అటుకులు జేబులో పట్టును. పల్లీపట్టి, నువ్వులముద్ద, బెల్లముతో చేసిన మరమరాల ఉండ కూడ అట్టివే. సద్దుల బతుకమ్మనాడు పంచు నువ్వుల సత్తు, పల్లీల సత్తు పండుగతో ఆగిపోవలసిన పని లేదు. ఉట్నూరు పరిసరములలో ఆదివాసి మహిళలు చేయుచున్న ఇప్పపువ్వు లడ్లు ఈ జిల్లాల పిల్లలకు అందవలసిన మరియొక చిరుతిండి. తెలంగాణములో తైదలు అను పేరుగల రాగులలో నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు మించి సున్నపుధాతువు కలదు. ఎముక బలము తగ్గిన ఈ పిల్లలకు తైదంబలి ఒక గ్లాసెడు చాలవరకు మేలుచేయును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2023 మార్చిలో చిక్కీకి తోడుగా రాగిజావను ప్రవేశపెట్టిరి. పిల్లలందరికి మేలైనదే ఈ పిల్లలకును మేలగుట అట్టి పథకములలోని సొగసు. ఇక హాస్ వైద్యుని అరటిపండు ఉండనే ఉన్నది. దేవుడు తొక్కయను పొట్లములో కట్టి పంపిన తిండి అది.

అయినను ఇంతటితో నిశ్చింతగా ఉండరాదు. ఈ పథ్యములో శత్రువు వేషము మార్చుకొని వచ్చును. మొదటి వేషము ఇంగువ. బజారులో దొరకు కలిపిన ఇంగువలో ముడి ఇంగువ కొంచెమే. తక్కినది పిండి, గోందు. ఆ పిండి తరచుగా గోధుమది. పులిహోరలో బియ్యము నిర్దోషియే. చిటికెడు ఇంగువ దోషి కావచ్చును. రెండవ వేషము 'రవ్వ' అను మాట. ఇడ్లీరవ్వ బియ్యముది, బొంబాయిరవ్వ గోధుమది. పేరు ఒకటే, వంశములు వేరు. మూడవ వేషము 'మాల్టు'. రాగిమాల్టు రాగులది కావచ్చును. డబ్బాలలో వచ్చు అనేక బలవర్ధక చూర్ణములలోని మాల్టు బార్లీది. రాగి బిస్కెట్టు అని పైన వ్రాసినను లోపల సగము మైదా ఉండవచ్చును. హోటలులో మిరపకాయబజ్జీ శనగపిండిది అయినను, అదే నూనెలో అంతకు ముందు మైదాబోండాలు కాలి యుండవచ్చును. ప్రసాదము విషయములోను జాగ్రత్త కావలెను. అన్నవరపు ప్రసాదము గోధుమనూకతో చేసినది. భక్తితో కన్నులకద్దుకొని మరియొకరికి ఇచ్చుట అపచారము కాదు. అంగన్‌వాడీలలో పసివారికి ఇచ్చు బాలామృతములో గోధుమ ప్రధానమైనది. వేలమంది బిడ్డలకు ప్రాణమైన ఆ పిండి ఈ వ్యాధిగల శిశువునకు పనికిరాదు. అట్టి శిశువు ఉన్నట్లు వైద్యుడు నిర్ణయించినపుడు, బదులు తిండి ఇచ్చు ఏర్పాటు అవసరము.

అన్నిటికంటె మాయవేషము పిండిగిర్నిది. తల్లి రెండు కిలోల జొన్నలు శుభ్రముగా చెరిగి గిర్నికి పంపును. ఆమెకు ముందు వచ్చినవారు గోధుమలు పట్టించుకొని పోయిరి. ఆ రాళ్ళ నడుమ మిగిలిన గోధుమపిండి జొన్నపిండితో కలిసి ఇంటికి వచ్చును. కంటికి కానరాదు, నాలుకకు తెలియదు, ప్రేగునకు తెలియును. ఎంత కలిసిన హాని? మనదేశపు ఆహార ప్రమాణముల ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్నచో దానిని గ్లూటెన్ లేనిదని అమ్మరాదు. దినమునకు 10 మిల్లీగ్రాముల లోపు పడినచో ఎక్కువమందికి హాని కలుగదని పరిశోధకుల అభిప్రాయము. ఒక బ్రెడ్డుముక్కలో దాదాపు 2 గ్రాములుండును. అనగా దానిలో రెండువందలవ వంతే హద్దు. 'కొంచెమే గదా, తిననిమ్ము' అను అమ్మమ్మ ప్రేమకు ఈ లెక్కలో చోటులేదు. ఉపాయము లేకపోలేదు. గోధుమ పట్టని గిర్నిని ఎన్నుకొనవచ్చును. అది లేనిచోట ఇంటి మిక్సీలోనో, పాత విసుర్రాతిలోనో కావలసినంత పిండి చేసికొనవచ్చును. చిన్న మోతాదు తిండికి చిన్న మోతాదు పిండి చాలును గదా.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. ఇంత చెప్పినపుడు అందరును గోధుమ మానరాదా అని కొందరందురు. నగరములలో అది ఒక వేడుకగా మారినదియు నిజమే. ఆరోగ్యవంతుడు గోధుమ మానుట వలన ప్రత్యేకమైన లాభము లేదు. పైగా ఆ వేడుక వలన నిజమైన రోగికి నష్టము కలదు. పథ్యమును ఫ్యాషనని తలచిన హోటలువాడు, బంధువు, తోటి విద్యార్థి దానిని తేలికగా తీసికొందురు. ఇంకొక ప్రమాదమును కలదు. అనుమానము కలుగగానే తల్లిదండ్రులు తమంతట తామే గోధుమ మాన్పించినచో తరువాత చేయు రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. గోధుమ తినుచుండగానే పరీక్ష జరుగవలెను. అవసరమైనచో చిన్నప్రేగు నుండి సన్నని ముక్క తీసి చూడవలెను. ఆ తరువాతనే పథ్యము. ముందు వైద్యుడు, పిదప వంటిల్లు. ఈ వరుస తప్పరాదు.

మరి, సకినాలును గారెలును నూనెలో కాలినవి గదా, అవి ఆరోగ్యమా అను ప్రశ్నయు న్యాయమైనదే. గ్లూటెన్ లేనిదెల్ల మంచి తిండి కాదు. దానికి సమాధానము మొదట చెప్పిన మాటలోనే ఉన్నది. చిరుతిండి చిరుగానే ఉండవలెను. రెండు సకినాలు చిరుతిండి. ఇరువది సకినాలు అజీర్తి. మన పెద్దలు చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు అని చేతినే కొలపాత్రగా చేసిరి. బిడ్డ చేయి చిన్నది గనుక అతని పిడికెడును చిన్నదే. ఎవరి చేతికి తగిన కొలత వారిదే యగు ఈ ఏర్పాటు కంటె సులభమైన మోతాదు పట్టిక వేరొకటి కావలెనా?

ఇక బడి సంగతి. మధ్యాహ్న భోజనము అన్నమే గనుక ఈ పిల్లలకు అచ్చట కష్టము తక్కువ. పులుసులోని ఇంగువను గూర్చి వంటచేయు తల్లులకు ఒక మాట చెప్పిన చాలును. కష్టము పుట్టినరోజులనాడు వచ్చును. తరగతిలో ఒక విద్యార్థి బిస్కెట్లో, కేకో పంచిపెట్టును. అందరును చేయి చాపుదురు, ఒక్కడు చాపడు. 'ఏమిరా, అంత గర్వమా?' అను ప్రశ్న ఆ బాలునికి బిస్కెట్టు కంటె ఎక్కువ హాని చేయును. ఆ అవమానము పడలేక ఒకనాడు తీసికొని తినును. ఆ రాత్రి కడుపు పట్టుకొని కూర్చుండును. ఉపాధ్యాయుడు తలచుకొన్నచో ఈ దుఃఖమును ఒక్క మాటతో తీర్పవచ్చును. పుట్టినరోజులకు పల్లీపట్టియో, నువ్వులముద్దయో, అరటిపండో పంచుడని తరగతి కంతటికి నియమము చేసిన చాలును. ఒక్కని కొరకు వేరు పళ్ళెము పెట్టుట దయ. ఒక్కడు వేరుగా కనబడకుండునట్లు అందరి పళ్ళెమును మార్చుట సంస్కారము. పల్లీపట్టి బిస్కెట్టు కంటె ఖరీదైనదియు కాదు. వేరుసెనగ పడని బిడ్డ ఆ తరగతిలో ఉన్నాడేమో అడిగి తెలిసికొనుటయు ఆ నియమములో భాగమే కావలెను. ఒకరి పథ్యము మరియొకరికి హాని కారాదు గదా.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. ఏడాదికేడాది ఎత్తు పెరుగని బిడ్డను గుర్తించుటకు తరగతి గోడపై ఒక గీత చాలును. మందులు మ్రింగినను రక్తము పట్టని బిడ్డను, కారణము తెలియక తరచు కడుపునొప్పితో ఇంటికి పోవు బిడ్డను ఆసుపత్రికి పంపి, 'ఈ వ్యాధి ఉన్నదేమో కూడ చూడుడు' అని తల్లిదండ్రుల చేత అడిగించిన చాలును. హాలెండులో ఆ వైద్యుడు చేసిన మొదటి పనియు ఇట్టిదే: పిల్లలను జాగ్రత్తగా చూచెను. చూచువాడు ఉన్నచో కరవు కూడ పాఠము చెప్పును. చూచువాడు లేనిచో సమృద్ధి కూడ రోగమును దాచును.

పోతన చూపిన ఆ చల్దుల పంక్తిలో ఎవరును ఆకలితో లేవలేదు; ఎవరును దూరముగా కూర్చుండలేదు. గోలేటి బడిలోని వేపచెట్టు క్రింద కూడ అట్టి పంక్తి కుదురును. దానికి పట్నపు పొట్లము అక్కరలేదు. తోటివాని ఒంటికి ఏది పడునో, ఏది పడదో తెలిసికొనునంతటి స్నేహమును, పంచుకొనుటకు పిడికెడు పేలాలును ఉన్న చాలును.